ఓటు కదిరిలో, ఆపరేషన్ బెంగుళూరులో: ఈ 25 లక్షల కార్డు ఈడ పనికొస్తాదా?

కదిరి కార్పెంటర్ · 2024 మే 4

అందరికీ నమస్కారం. మాది కదిరి పక్కన పల్లె. పెండ్లయినప్పట్నుంచీ కె.ఆర్.పురంలోనే ఉండాము. నాది ఇంటీరియర్ పని. వార్డ్‌రోబులు, కిచెన్లు, టీవీ యూనిట్లు. నా కింద నలుగురు పిల్లోళ్ళు చేస్తారు. పనుంటే దుడ్లు, లేకుంటే లేదు. ఈఎస్‌ఐ లేదు, కంపెనీ ఇన్సూరెన్సు లేదు.

విషయం ఏమంటే, మా ఇంట్లో ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు తేలినాయి. రాత్రిపూట అన్నం తిన్న గంటకు కుడి డొక్కలో నొప్పి, వీపు దాకా పాకుతాది, తెల్లార్లూ కూచునే ఉంటాది. స్కానింగు చేయించినాము. ఆపరేషన్ చేయాల్సిందే, ఇప్పుడే అర్జెంటు కాదుగానీ నెలలు నెలలు నాన్చద్దు అన్నారు. ఇంటి దగ్గర ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే 85 వేలు, మళ్ళీ "రూము బట్టి సార్" అని ఒక మాట.

మాకు ఊర్లో తెల్ల కార్డు ఉండాది. అమ్మ, మేమిద్దరం, పిల్లోళ్ళిద్దరూ అంతా దాంట్లోనే. సంక్రాంతికి ముందు వాలంటీరు వచ్చి కొత్త ఆరోగ్యశ్రీ కార్డు అమ్మ చేతికిచ్చి, 25 లక్షల దాకా ఉచితం అని చెప్పి ఫోటో తీసుకుపోయినాడు. ఆ కార్డు ఫోటో వాట్సాప్‌లో తెప్పించి ఈడ కౌంటర్లో చూపించినా. ఆ పిల్ల ఒక్క చూపు చూసి "ఇదు ఇల్లి నడెయల్ల సార్" అనేసింది, ఇది ఈడ చెల్లదని.

ఈ మధ్యలో ఫోన్లు మొదలైనాయి. 13న ఓటు కదా. ఒక పార్టీ వాళ్ళు మారతహళ్ళి నుంచి బస్సు పెట్టినామంటారు. ఇంకో పార్టీ వాళ్ళు ఎంతమంది వస్తారో చెప్పు, మేం చూసుకుంటాం అంటారు. ఊరికే ఉండలేక ఇద్దర్నీ ఆసుపత్రి సంగతి అడిగినా. ఒకాయన "25 లక్షలు మేం ఇచ్చేసినాం కదా" అనె. ఇంకొకాయన "మా మేనిఫెస్టో చూడు, ప్రతి ఇంటికీ 25 లక్షల బీమా" అనె. ఢిల్లీలో కాంగ్రెస్సోళ్ళూ 25 లక్షలే అంటాండారంట. బీజేపీ వాళ్ళు 70 ఏండ్లు దాటిన అందరికీ ఆయుష్మాన్ అంటాండారు, మా అమ్మకు 72. ఇంతమంది ఇన్ని లక్షలు ఇస్తాంటే, 85 వేలకు నేను చిట్టీ ఎత్తుకోవాల్నా అని ఆలోచన చేస్తాండా.

తెలిసినోళ్ళు చెప్పండప్పా. ఈ కార్డు బెంగుళూరులో యాడన్నా చెల్లుతాదా? లేకుంటే రేషన్ కార్డే ఈడికి మార్చుకోవాల్నా? పార్టీ తగాదా వద్దు, నాకు దోవ కావాలి.

హెచ్‌ఎస్‌ఆర్ గుంటూరు · మే 4

అన్నా, వదినగారు త్వరగా కోలుకోవాలి. కానీ ఈ ప్రభుత్వ కార్డుల మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంటందరికీ కలిపి ఒకటే ఉండే ఫ్యామిలీ ఫ్లోటర్ బీమా పాలసీ మంచిది ఒకటి తీసేసుకోండి, పది లక్షల కవరేజీ. నెలకి లెక్కేస్తే ఇంటిల్లిపాదీ మల్టీప్లెక్సులో ఒక సినిమా చూసిన ఖర్చు. నాకు కంపెనీది ఉన్నా పైన ఇంకోటి తీసుకున్నా. ఎన్నికలు వస్తుంటాయి పోతుంటాయి, పాలసీ మాత్రం మనది.

మదనపల్లె అక్క · మే 5

గుంటూరు తమ్ముడూ, రాళ్ళు తేలకముందు చెప్పాల్సిన మాట అది. స్కానింగు కాగితం చేతిలో పెట్టుకుని ఇవాళ పాలసీ కొంటే, ఆ జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ పడుతుంది, అంటే అది తీరేదాకా ఆ జబ్బుకి బీమా డబ్బు రాదు. ముందే ఉన్న జబ్బులకి అది గరిష్ఠంగా నాలుగేళ్ళు ఉండేది, ఈ ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ మూడేళ్ళకి తగ్గించింది. కాగితం దాచి కొంటే క్లెయిము రోజున దొరికిపోతారు. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ వేరే. పని దొరికిన నెల ఒక లెక్క, దొరకని నెల ఒక లెక్క ఉండే మనిషికి సినిమా లెక్కలు చెప్పకండి.

కదిరి తమ్ముడికి. నేను పెళ్ళికి ముందు చిత్తూరు జిల్లాలో ఆరోగ్యమిత్రగా చేశాను. అంటే ఆసుపత్రి గుమ్మం పక్కన బల్లేసుకుని, రేషన్ కార్డు చూసి, కేసు కంప్యూటర్లో ఎక్కించి, అనుమతి వచ్చిందా లేదా అని పేషెంటు కంటే ఎక్కువ ఎదురుచూసే ఉద్యోగం. ఇప్పుడు బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి స్కీముల డెస్కు మీద ఉంటాను. రెండు వైపులా కూర్చున్నదాన్ని కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిక చేసుకో.

కౌంటర్లో ఆ అమ్మాయి చెప్పింది తప్పు కాదు. ఏపీ ఆరోగ్యశ్రీ బెంగళూరులో అసలు లేదని కాదు. 2019 నవంబరు నుంచి హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో కొన్ని ఆసుపత్రులకి విస్తరించారు. అయితే మొత్తం జాబితా కాదు, 716 చికిత్సలకి మాత్రమే. అవీ గుండె, క్యాన్సర్, మెదడు లాంటి పెద్ద జబ్బుల కోసం, ఆరోగ్యశ్రీని నడిపే ప్రభుత్వ ట్రస్టుతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లోనే. పిత్తాశయం ఆపరేషన్ మీ జిల్లాలోనే జరిగిపోతుంది, దానికి రాష్ట్రం దాటి ఎందుకు పోవాలి అన్నది వాళ్ళ లెక్క. నువ్వు సంసారమంతా ఇక్కడ పెట్టుకున్నావన్న సంగతి ఆ లెక్కలో లేదు. కార్డు మీద 25 లక్షలున్నా, 5 లక్షలున్నా, నీకు తెరుచుకునే తలుపులు అవే.

ఇక ఆ 25 లక్షల సంగతి. ప్రతి ఆపరేషన్‌కీ ట్రస్టు ఒక ప్యాకేజీ రేటు కట్టి ఉంచుతుంది. ఆసుపత్రికి వచ్చేది అంతే. నేను డెస్కు మీద చూసిన కేసుల్లో ఎక్కువ భాగం లక్ష లోపే తెగిపోయేవి. ఏడాదిలో ఒకే కుటుంబం ఐదు లక్షలు దాటడమంటే కాలేయ మార్పిడో, బోన్ మ్యారోనో, ఏదో పెద్ద దెబ్బ తగలాలి. అలాంటి ఇళ్ళకి పరిమితి పెంచడం నిజంగా ప్రాణం పోసినట్టే, కాదనను. కానీ అలాంటి ఇళ్ళు కొన్నే. అందుకే పరిమితిని ఐదు నుంచి పాతికకి పెంచితే ఖజానా మీద పడే భారం, అదే ప్యాకేజీ రేట్లని పదిశాతం పెంచితే పడే భారం కంటే తక్కువ అని నా అభిప్రాయం. పార్టీల వాళ్ళకీ ఇది తెలుసు. బ్యానర్ మీద "25 లక్షలు" అని రాయొచ్చు. "పిత్తాశయం రేటు పెంచాం, ఆసుపత్రి బిల్లులు నెలలోపు కడతాం" అని రాస్తే ఎవరు చప్పట్లు కొడతారు? కానీ నీ భార్యని చేర్చుకోవాలా వద్దా అని ఆసుపత్రి యజమాని తేల్చుకునేది ఈ రెండోదాన్ని చూసి.

ఇది మన జిల్లాల్లోనే పుట్టిన కథ. 2007 ఏప్రిల్లో రాజశేఖరరెడ్డిగారు ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో. అప్పుడు కదిరి అనంతపురం జిల్లాలోనే కదా, కాబట్టి దేశంలో ఈ కార్డు చూసిన మొదటి ఊళ్ళలో మీదీ ఒకటి. అప్పటి పరిమితి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. 2009 ఎన్నికల్లో ఆయన మళ్ళీ గెలిచాక పక్క రాష్ట్రాలన్నిటికీ ఆశ పుట్టింది. ఆ ఏడాదే కరుణానిధి తమిళనాడులో తన బిరుదు పేరుతో బీమా పెట్టారు, జయలలిత వచ్చి దాన్ని తీసేసి ఇంకోటి పెట్టారు. ఇక్కడ కర్ణాటకలో యడియూరప్ప హయాంలో వాజపేయి ఆరోగ్యశ్రీ వచ్చింది. 2018 మార్చిలో, సరిగ్గా శాసనసభ ఎన్నికల ముందు, సిద్దరామయ్య ఆరోగ్య కర్ణాటక ప్రారంభించారు. అదే ఏడాది సెప్టెంబరులో, లోక్‌సభ ఎన్నికలకి ఏడెనిమిది నెలల ముందు, మోదీ రాంచీలో ఆయుష్మాన్ భారత్ ప్రారంభించారు. మన కార్డు 25 లక్షలైంది మొన్న డిసెంబరులో. వీటిలో ఏదీ చెడ్డ పని కాదు. ఎన్నికలు లేకపోతే సగం పుట్టేవే కావు. అయితే లక్షలు పెంచితే ఓట్లు పడతాయన్న గ్యారంటీ కూడా లేదు. రాజస్థాన్‌లో గెహ్లోత్ చిరంజీవి పథకాన్ని 25 లక్షలకి తీసుకెళ్ళి, మళ్ళీ గెలిస్తే 50 అన్నారు. ఓడిపోయారు. తెలంగాణలో కేసీఆర్ 15 లక్షలంటే, 10 లక్షలన్న కాంగ్రెస్ గెలిచింది.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, కార్డు ఇక్కడికి మార్చడం. ఇక్కడి పథకం ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక. కర్ణాటక బీపీఎల్ (దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళ) కార్డుంటే కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఏపీఎల్ (ఆ రేఖకి పైనున్నవాళ్ళది) అయితే ప్యాకేజీ రేటులో 30 శాతం మాత్రమే ప్రభుత్వం కడుతుంది, అదీ ఏడాదికి లక్షన్నర లోపు. ఆ 5 లక్షల కార్డు పట్టుకుని నేరుగా ప్రైవేటుకి వెళ్ళడం కుదరదు. అత్యవసరమైతే తప్ప, ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి, అక్కడ కుదరదని రాసిచ్చిన రెఫరల్ తేవాలి. తేలిక ఆపరేషన్లయితే ప్రభుత్వాసుపత్రిలోనే చేయించుకోవాలి. దీనికోసం నువ్వు ఊళ్ళో కార్డులోంచి పేర్లు తీయించుకుని, ఇక్కడ అద్దె ఇంటి అడ్రసుతో బీపీఎల్ కార్డుకి అర్జీ పెట్టుకుని కూర్చోవాలి. అది ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు, ఊళ్ళో అమ్మ పరిస్థితి ఏమిటి? అసలు వద్దు. ఒకే దేశం ఒకే రేషన్ అంటున్నారు కదా అని అడగొచ్చు. దాంతో ఏ రాష్ట్రంలోనైనా బియ్యం వస్తాయి, ఆపరేషన్ రాదు.

మిగిలింది ఆయుష్మాన్ పోర్టబిలిటీ. కేంద్ర జాబితాలో మీ కుటుంబం పేరుంటే, వేరే రాష్ట్రంలో ఒప్పందం ఉన్న ఆసుపత్రిలోనూ చేయించుకోవచ్చు. 14555కి ఫోన్ చేసి మీ పేర్లున్నాయో లేదో కనుక్కో. ఉన్నా సరే, పక్క రాష్ట్రం పేషెంటు అనగానే కొన్ని ఆసుపత్రులు మొహం ముడుచుకుంటాయి. డబ్బు మీ రాష్ట్రం నుంచి రావాలి కాబట్టి. మా డెస్కు మీద కూడా ఆ ముడుచుకోవడం ఉంది, ఒప్పుకుంటాను.

నీ జాగాలో నేనుంటే ఏం చేస్తానో చెప్తాను. అర్జెంటు కాదన్నారు, ఊరు దగ్గరే. అనంతపురం వైపు నెట్‌వర్క్ ఆసుపత్రిలో (ట్రస్టుతో ఒప్పందం ఉన్నది) గాని, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో గాని ఇదే కార్డు మీద చేయిస్తాను. పైసా కట్టనక్కర్లేదు. డిశ్చార్జి అయ్యాక ఆరోగ్య ఆసరా కింద రోజుకి 225 చొప్పున, నెలకి 5 వేలకి మించకుండా, విశ్రాంతి రోజులకి ఇస్తున్నారు. అదీ అడిగి రాయించుకో. ఇంకో దారి, నువ్వున్న చోటికి దగ్గర్లోనే వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి వాళ్ళ జనరల్ ఆసుపత్రి ఉంది. ఏ కార్డూ అడగరు, బిల్లు కౌంటరే ఉండదు. కాకపోతే వరస పొడుగు. తెల్లవారకముందే వెళ్ళి అడిగి చూడు. లేదా బౌరింగ్, సి.వి.రామన్ నగర్ ఆసుపత్రి. ఖర్చు మీ ప్రైవేటు వాళ్ళు చెప్పినదాంట్లో పిసరంత.

ఒక్క మాట మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకో. రాళ్ళున్నప్పుడు జ్వరం గాని, కళ్ళు పచ్చబడటం గాని, కడుపు మధ్యలో మెలితిప్పే నొప్పి గాని వస్తే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్పించు.

సీమ బిడ్డ · మే 5

అక్కా, అన్నీ బాగానే చెప్పినారుగానీ 25 లక్షలు చవక హామీ అనడం మాత్రం అన్యాయం. 1,059 చికిత్సలున్న పథకాన్ని 3,257కి పెంచింది ఎవరు? ఏడాదికి 5 లక్షల ఆదాయం దాకా అందరికీ కార్డు ఇచ్చింది ఎవరు? మీరే చెప్పిన ఆసరా ఎవరిది? బెంగుళూరులో 716 అన్నా ఉన్నాయంటే అది కూడా ఈ ప్రభుత్వం తెచ్చిందే.

బొమ్మనహళ్ళి తమ్ముడు · మే 5

చికిత్సలు పెంచితే సరిపోతుందా, ఆసుపత్రులకి బిల్లులు కట్టొద్దా? ప్రతి ఆరు నెలలకీ సేవలు ఆపేస్తామని నోటీసు ఇస్తారు, పేపర్లో పడితే కొంచెం విదిలిస్తారు. అందుకే మా వాళ్ళు బీమా అంటున్నారు. కంపెనీకి ప్రీమియం కడితే, బిల్లులు కట్టే బాధ్యత కంపెనీది. గొడవ తీరిపోతుంది.

మదనపల్లె అక్క · మే 5

ఆయన తగాదా వద్దన్నాడు కదా, పోనీ మర్యాదగా తగాదా పడదాం.

సీమ బిడ్డకి: చికిత్సల జాబితా పెంచడం, ఆసరా, రెండూ గట్టి పనులే. ఆపరేషన్ ఉచితమైనా, పదిహేను రోజులు కూలి పోతుందని చేయించుకోకుండా తిరిగి వెళ్ళిపోయిన వాళ్ళని నా బల్ల ముందే చూశాను. ఆ రోజుకి 225 తక్కువే, అయినా ఆ మనుషుల గురించి ఎవరో ఆలోచించారు. నా బాధల్లా, మీ వాళ్ళ బ్యానర్ మీద ఆసరా చిన్న అక్షరాల్లో, 25 లక్షలు నిలువెత్తు అక్షరాల్లో ఉండటమే.

బొమ్మనహళ్ళి తమ్ముడికి: ఆరోగ్యశ్రీ బీమాతోనే మొదలైంది బాబూ. మొదట్లో స్టార్ హెల్త్ వాళ్ళు నడిపారు. తర్వాత ట్రస్టే నేరుగా కట్టే పద్ధతికి మార్చారు. బీమా అయితే క్లెయిము కొట్టేయడానికి ఒకడు కూర్చుని ఉంటాడు. ట్రస్టు అయితే బిల్లు కట్టడానికి ఎవడూ కూర్చుని ఉండడు. ప్రీమియం కట్టేది కూడా అదే ఖజానా, ఖజానా ఖాళీ అయితే కంపెనీ మాత్రం ఊరికే చేస్తుందా? బకాయిలు ఈ ప్రభుత్వంతో పుట్టలేదు, ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరున్న రోజుల్లోనూ మా ఆసుపత్రి అకౌంటెంటు ఇదే ఏడుపు ఏడ్చేవాడు. 2014 తర్వాత ఒక పేరు, 2019 తర్వాత ఇంకో పేరు. ప్రతిసారీ బోర్డులు, ఫారాలు, రబ్బరు స్టాంపులు అన్నీ మార్చాలి. ఆ మార్పు మాత్రం వారంలో అయిపోయేది, దానికి బకాయి ఉండదు.

ఓటడగటానికి వచ్చినవాళ్ళని నేనైతే ఎన్ని లక్షలు అని అడగను. మా నియోజకవర్గంలో నెట్‌వర్క్ ఆసుపత్రికి చివరి బిల్లు ఏ నెలది కట్టారు అని అడుగుతాను. ఒక అభ్యర్థి అనుచరుణ్ణి నిజంగానే అడిగాను. "కనుక్కుని చెప్తానమ్మా" అని వెళ్ళాడు, మళ్ళీ కనబడలేదు.

ఇంకో మాట. ఇక్కడ ఏప్రిల్ 26న పోలింగ్ అయిపోయింది కదా. జయదేవ గుండె ఆసుపత్రిని ఏళ్ళ తరబడి నడిపిన డాక్టర్ మంజునాథ్ బెంగళూరు గ్రామీణం నుంచి నిలబడ్డారు. ముందు చికిత్స, తర్వాత డబ్బు అన్న పేరుంది ఆయనకి. మా ఆసుపత్రి వార్డు బాయ్‌లు పార్టీ సంగతి పక్కన పెట్టి ఆయన గురించే మాట్లాడుకున్నారు. లక్షల అంకె చెప్పేవాణ్ణి కాక ఆసుపత్రి నడిపినవాణ్ణి జనం గుర్తుపెట్టుకోవడం నాకైతే ముచ్చటేసింది. ఆయన పార్టీకి నేను ఓటేస్తానా అన్నది వేరే సంగతి.

పాలమూరు మేస్త్రి · మే 6

నమస్తే అక్క. మాది నారాయణపేట దిక్కు. హెబ్బాళ కాడ అపార్ట్‌మెంట్ పనిల ఉన్న. మాకు డిసెంబర్ల కొత్త సర్కారు రాంగనే ఆరోగ్యశ్రీ 10 లక్షలు జేసిండ్రు. మంచిగనే ఉంది. గని మా పనికాడ పైనుంచి పడి ఒకని కాలు ఇరిగితే ఆ 10 లక్షలు ఎవ్వనికి అక్కరకు రాలే, మేస్త్రీలందరం చందాలు ఏసుకున్నం. మాకు సుత 13 తారీకే ఓటు. కాంట్రాక్టరు రెండ్రోజులు సుట్టీ ఇస్తాండు. ఇక్కడ లేబర్ కార్డు అని ఒకటి జేపిస్తామని ఏజెంటు పైసలు అడుగుతుండు. అది నిజమేనా?

మదనపల్లె అక్క · మే 6

లేబర్ కార్డు నిజం, ఏజెంటు అక్కర్లేదు. కర్ణాటక భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు అది. వయసు 18 నుంచి 60 లోపు, గడిచిన ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినట్టు కాంట్రాక్టరు సంతకంతో కాగితం ఉండాలి. ఏ రాష్ట్రంవాడివి అని కాదు, ఇక్కడ పని చేస్తున్నావా అన్నదే చూస్తారు. ఆసుపత్రి ఖర్చుకి, ప్రమాదానికి సాయం ఉంటుంది. కట్టడాల మీద వసూలు చేసే సెస్సు డబ్బే అది, ఎవరి దయా కాదు. కార్మిక శాఖ ఆఫీసుకి నేరుగా వెళ్ళు. పని చేసేచోట కాలు విరిగినవాడికి నష్టపరిహారం ఇవ్వాల్సింది కూడా కాంట్రాక్టరే, చందాలు వేసుకుని ఆయన్ని వదిలేయకండి.

కదిరి తమ్ముడూ, వడ్రంగం కూడా ఈ జాబితాలో ఉంది. కట్టే ఇళ్ళలో పని చేస్తున్నావు కాబట్టి నీకూ, నీ దగ్గరున్న నలుగురికీ అర్హత ఉంటుంది. నీ దగ్గర పదిమంది లేరు కాబట్టి ఈఎస్‌ఐ చట్టం నీకు తగలదు. ఇదొక్కటే మిగిలింది.

కదిరి కార్పెంటర్ · మే 7

అక్కా, మీకు ఎట్ల చెప్పాలో తెలీదు. ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు.

మా ఆమెతో మాట్లాడినా. నేను తేల్చుకునేలోపే ఆమే తేల్చేసింది. "ఎట్లా ఓటుకు బస్సు పెడతాండారు కదా, దాంట్లోనే పోదాం. ఓటేసి, మర్నాడు అనంతపురంలో చూపించుకుందాం. చార్జీ అన్నా మిగుల్తాది" అంటాది. యా పార్టీ బస్సు ఎక్కాల్నో అడిగితే, యాదాంట్లో ముందు సీటు ఇస్తే అది అంట, వెనక సీట్లో కుదుపుకు నొప్పొస్తాదని.

లేబర్ కార్డు సంగతి నాకు తెలియనే తెలీదు. ఇన్నేండ్లు ఇక్కడుండి.

హెచ్‌ఎస్‌ఆర్ గుంటూరు · మే 7

వదినగారికి నా ఓటు. నేను ఆన్‌లైన్‌లో బస్సు చూస్తే 12వ తారీకు రాత్రికి టికెట్టు మామూలు రేటుకి మూడింతలుంది. పది లక్షల పాలసీ ఉన్నోణ్ణి నేను స్టాండింగులో పోవాల్సి వచ్చేలా ఉంది.

కదిరి కార్పెంటర్ · జూన్ 9

అందరికీ సమాచారం. ఆపరేషన్ అయింది. ఆమె బాగుంది.

అనుకున్నట్టు జరగలేదు. 14న ఒక ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రిలో చూపించినాము. కార్డు చూసి బాగానే మాట్లాడినారు, ఆరోగ్యమిత్ర కాగితాలన్నీ రాసుకునె, 24న రమ్మనిరి. ఈలోగా బిల్లుల బకాయి అని మే 22 నుంచి ప్రైవేటు ఆసుపత్రులు చానావరకు ఆరోగ్యశ్రీ ఆపేసినాయి. 1,500 కోట్లు రావాలంట వాళ్ళకు. మాకు ఫోన్ చేసి, ఇప్పుడు కుదరదు, కావాలంటే దుడ్లు కట్టి చేయించుకోండి అనిరి. ఓట్లు పడినాయి, పెట్టెలు ఇంకా తెరవలేదు. అడగనీకి ఎవరికి ఫోన్ చేయాల్నో తెలీలే. బస్సు పెట్టినాయనకు చేస్తే "జూన్ 4 పోనీయన్నా, అన్నీ సర్దుకుంటాయి" అనె.

అక్క చెప్పిన రెండో మాట గుర్తుండి పెద్దాసుపత్రికి పోయినాము. జనం ఎక్కువ, మంచం దొరికేదానికి ఆలస్యమైంది, రాత్రి ఆమె పక్కన నేను నేల మీద పండుకున్నా. కానీ డాక్టరమ్మ బాగా చేసింది. నాలుగు చిన్న రంధ్రాలే. ఇప్పుడు ఇంట్లో అమ్మ దగ్గర ఉంది, నేను పనికి వచ్చేసినా.

జూన్ 4న ప్రభుత్వం మారిపోయింది, అందరికీ తెలిసిందే. ఊర్లో మావాళ్ళు ఇంగ కార్డు పేరు మార్తాది అంటాండారు. ఇప్పుడున్న కార్డు పారేయాల్నా, పెట్టుకోవాల్నా?

మదనపల్లె అక్క · జూన్ 9

చాలా సంతోషం. పారేయకు. కార్డు మీద ఎవరి బొమ్మ ఉన్నా కంప్యూటర్ చూసేది నంబరే. కొత్తది వచ్చేదాకా అదే పనిచేస్తుంది. నెల రోజులు బరువులెత్తనివ్వకు, నూనె పదార్థాలు తగ్గించమను. డిశ్చార్జి కాగితం, ఆమె బ్యాంకు పాసు పుస్తకం జాగ్రత్తగా పెట్టుకో, ఆసరా డబ్బు ఆమె ఖాతాలోనే పడుతుంది.

బొమ్మనహళ్ళి తమ్ముడు · జూన్ 10

అన్నా, మావాళ్ళు వచ్చారుగా, ఇక బకాయిలు ఉండవు చూడండి.

సీమ బిడ్డ · జూన్ 10

ఈ మాట తారీకుతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా తమ్ముడూ.

కదిరి కార్పెంటర్ · నవంబర్ 3

అక్కా, మళ్ళీ నేనే. మొన్న 29న మోదీ 70 ఏండ్లు దాటినోళ్ళకు కార్డు ప్రారంభించినాడంట కదా. అమ్మకు మోకాలు చిప్ప అరిగిపోయింది, మార్పిడి చేయాలంటాండారు. ఆ కార్డుకు ఏం కావాలి?

మదనపల్లె అక్క · నవంబర్ 3

వయ వందన కార్డు అంటారు దాన్ని. 70 నిండితే చాలు, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షలు. ఇంట్లోవాళ్ళకి ఇప్పటికే ఆయుష్మాన్ ఉంటే, అందులోంచి కాకుండా అమ్మకి విడిగా ఇంకో 5 లక్షలు. దీనికి రేషన్ కార్డు అడగరు, ఆధార్ ఒక్కటే. వయసు కూడా ఆధార్‌లో ఉన్నదే లెక్క. కాబట్టి అన్నిటికంటే ముందు అమ్మ ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఏముందో చూడు. మన పల్లెల్లో పెద్దవాళ్ళ వయసు ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లాడికి ఏది తోస్తే అది, తారీకేమో అందరికీ జనవరి 1.

కదిరి కార్పెంటర్ · నవంబర్ 4

చూసినా అక్కా. జనవరి 1, 1957 ఉండాది. ఆధార్ లెక్కన అమ్మకు 67.

మదనపల్లె అక్క · నవంబర్ 4

పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు, అదీ ఏదో ఒక రుజువు ఉంటేనే. అమ్మ చిన్నప్పుడు బడికి వెళ్ళిందా? వెళ్ళి ఉంటే ఆ ఊరి బడి రిజిస్టరులో పేరుంటుంది, హెడ్మాస్టరుని అడుగు. ఈలోగా మోకాలిని ఆ కార్డు కోసం ఆపొద్దు. మీ పాత కార్డు మీదే అవుతుందేమో అనంతపురంలో ఆరోగ్యమిత్రని అడిగించు.